మీ ఊళ్లో వాన పడిందా?

పాతికేళ్లపాటు రోజుకు రెండు పూటలా సముద్రం గురించి రాశాను. కానీ ఇరవై మూడో ఏడు నిండేదాకా సముద్రాన్ని చూసిన మనిషిని కాను. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, పత్తికొండ దాటాక ఒక ఊరు. అక్కడ నీళ్లు ఒక్కచోట ఎక్కువగా చూడాలంటే హంద్రీ పారే నాలుగు రోజుల కోసం కాచుకోవాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, పరీక్ష రాసి, తీరాన ఒక రేవు పట్నంలోని వాతావరణ కార్యాలయంలో ఉద్యోగానికి వెళ్లాను. ఇంటర్వ్యూలో నలుగురు పెద్దమనుషులు పీడనం గురించి అడిగారు, గాలి వేగం గురించి అడిగారు. "అమ్మాయీ, సముద్రం ఎప్పుడైనా చూశావా" అని ఒక్కరూ అడగలేదు. అడగని ప్రశ్నలకు కూడా జవాబు చెప్పే నోరు నాది. ఆ ఒక్కరోజు మాత్రం మూసుకున్నాను.

ఇప్పుడు గడువుకు ముందే ఉద్యోగం వదిలేసి కర్నూలు పక్కన కల్లూరులో ఉంటున్నాను. ఆ కుర్చీల్లోకి కొత్తగా వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో చెప్పను. అవి మీకూ వస్తాయి, మీకూ ఆగుతాయి. చలికాలపు సముద్రం విషయంలో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెప్తాను. ఆ తప్పు తర్వాత పోలయ్య అనే ఒక పడవ యజమాని నా ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు, పేపర్లో నా పేరూ రాలేదు. కానీ ఆ మనిషి మళ్లీ నా మాట మీద పడవ కదుపుతాడా లేదా అన్నదే మిగిలిన ఉద్యోగమంతా నాకు పరీక్షగా ఉండిపోయింది.

నవ్వుతూ చెప్పిన గుండం

మా ఊళ్లో రేడియోలో "బంగాళాఖాతంలో వాయుగుండం" అన్న మాట వినబడితే ఆడవాళ్లు చేతిలో పని ఆపేవాళ్లు. "గుండం పడిందంట" అని పక్కింటికి కేకేసి చెప్పేవాళ్లు, ఎవరికో మగబిడ్డ పుట్టినట్టు. నైరుతి వానలు మోసం చేసిన ఏడు, కార్తీకంలో ఒక గుండం తీరం దాటి లోపలికి నడిచొస్తేనే మా పప్పుశనగకు పదును. సముద్రమంటే మాకు వాన పుట్టినిల్లు. ఆ పుట్టింట్లో మనుషులు కాపురముంటారన్న సంగతి నాకు తట్టలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం, పై అధికారి సన్యాసిరావు గారు నన్ను ఒక జాలర్ల పల్లెపాలేనికి తీసుకెళ్లారు. ఒడ్డున నలభై యాభై మంది కూర్చుని ఉన్నారు. నేను లేచి, మా ఊరి అలవాటులో, పండగ కబురు చెప్పినట్టు "రెండు రోజుల్లో గుండం ఏర్పడుతుంది" అన్నాను. ముందు వరసలో ఉన్న ఒకామె చేపల గంప దించి పక్కామెతో అంది:

"ఆ యమ్మ నవ్వతా చెప్తుండాదేందే?"

ఆమె పేరు ఆదిలక్ష్మి. ఆమె వెనకాల నిలబడిన మొగుడే పోలయ్య. నాకంటే పదేళ్లు పెద్ద, రెండు పడవలున్న మనిషి. ఆయన నన్ను ఎగాదిగా చూసి "యా ఊరమ్మా మీది?" అన్నాడు.

"కర్నూలు పక్క."

"అదీ సంగతి. ఒసే, ఆళ్లకు వానల్లేవు గదా. గుండమంటే ఆళ్లకు పండగ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఆరోజే నా జబ్బు పేరు చెప్పేశాడని తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

ఎత్తు కాదు, సందు

పోలయ్యతో నా వాదన మొదలైంది మీటర్ల దగ్గర. మా బులెటిన్లో అలల ఎత్తు రెండు మీటర్లనో రెండున్నర అనో రాస్తాం. ఒకసారి ఒడ్డున ఆ కాగితం చదివి వినిపిస్తుంటే ఆయన మధ్యలో ఆపాడు.

"ఎత్తు నేనేం చేసుకోవాలమ్మా? నేనేమన్నా అలకు చొక్కా కుట్టాలా? సందెంత ఉండాదో చెప్పు."

సందంటే ఏమిటని అడగడానికి నాకు నామోషీ. కాబట్టి గొడవపడ్డాను. ప్రపంచమంతా ఎత్తే రాస్తుందన్నాను. ఆయన నన్ను ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాడు. పెద్ద అలలు నాలుగైదు వరసగా వచ్చి విరిగాయి. తర్వాత కాసేపు నీళ్లు ఊపిరి పీల్చుకున్నట్టు ఆగాయి. మళ్లీ వరస మొదలైంది. "ఇదుగో, ఈ ఆగిందే, ఇదే సందు. ఇంతలోనే పడవ మొగ దాటాల. సందు బాగుంటే నిలువెత్తు అలయినా దాటతాం. సందు లేకపోతే మోకాలెత్తు అల కూడా తిప్పి కొడతాది" అన్నాడు.

చదువుకున్న పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మీ అంకె తప్పు కాదు. కానీ ఎదుటివాడి పనికి కావలసింది మీ అంకె కాకపోవచ్చు. అది తెలియాలంటే కాగితం పట్టుకుని ఒడ్డుకు వెళ్లాలి, అక్కడ ఎవరో ఒకరు మిమ్మల్ని ఎగతాళి చేయాలి.

శుభ్రంగా ఉండే మోసం

చలికాలపు సముద్రం గురించి ఒక్క విషయం పట్టుకుంటే చాలు: ఆకాశాన్ని నమ్మకూడదు. వేసవి తుపాను ముందుగా డప్పు కొట్టించుకుని వస్తుంది. చలికాలం అలా కాదు. ఉత్తరాదిన చల్లటి బరువైన గాలి పేరుకుంటుంది. ఇటు దక్షిణాన బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం కూర్చుంటుంది. ఆ రెంటి నడుమ గాలి ఇరుకు సందులో జనం తోసుకున్నట్టు తోసుకుంటూ ఈశాన్యం నుంచి వారం రోజులైనా ఆగకుండా వీస్తుంది. పైన చూస్తే ఉతికి ఆరేసినట్టు నీలం. పట్నం వాళ్లు స్వెట్టర్లేసుకుని బీచిలో ఫోటోలు దిగుతుంటారు. కింద సముద్రం మాత్రం మనిషిని ఎత్తి కుదేస్తుంటుంది. నేలకు "పొడి వాతావరణం" అని, అదే కాగితం మీద రెండు గీతల కింద సముద్రానికి "వేటకు వెళ్లరాదు" అని రాయాల్సి వస్తుంది. చదివేవాడికి ఆ రెండు మాటల మధ్య అనుమానం పుడుతుంది. ఆ అనుమానం తీర్చడమే మన ఉద్యోగం.

నేను చేసిన తప్పు

ఆ ఏడు మా ఊళ్లో వినాయక చవితి తర్వాత వానే లేదు. అన్న పప్పుశనగ వేసి ఆకాశం కేసి చూస్తున్నాడు. అమ్మ రోజూ ఆఫీసు టైములో ఫోన్ చేసేది.

"ఏమ్మే, గుండం యాడికొచ్చింది?"

"సముద్రంలోనే ఉందమ్మా."

"సముద్రంలో దానికేం పని? ఆడ నీళ్లుండాయి గదా. ఈడికి తోలుకోని రా."

"నా ఎద్దా, తోలుకుని రావడానికి?"

"మల్ల ఆడ కూర్చోని ఏం చేస్తాండావు నువ్వు? జీతమిచ్చేది దేనికి?"

కంప్యూటరు రెండు పటాలు ఇచ్చింది. ఒకదాంట్లో వాయుగుండం గురువారం నెల్లూరు దగ్గర తీరం దాటి, బద్వేలు మీదుగా లోపలికొచ్చి మా పడమటి మండలాల దాకా తడుపుతుంది. రెండోదాంట్లో తీరానికి కాస్త దూరంలో ఆగి, అక్కడే బలహీనపడుతూ, నాలుగు రోజులు గాలి మాత్రం కొట్టిస్తుంది. రెండూ సగం సగం నమ్మదగినవే. నేను మొదటిది తీసుకున్నాను. కారణాలు కూడా రాశాను, చాలా తెలివైన కారణాలు. చదువుకున్న మనిషి తన ఆశకు కారణాలు వెతకడంలో ఎవరికీ తీసిపోడు.

ఇంకో సిగ్గుచేటు చెప్పాలి. బులెటిన్ ఇంకా బయటికి వెళ్లకముందే అమ్మకు ఫోన్ చేసి "శుక్రవారానికి వాన" అని చెప్పేశాను.

గురువారం ఉపగ్రహ చిత్రంలో మబ్బులు తీరం దాటి లోపలికి వచ్చాయి. నేను పొంగిపోయాను. నిజానికి వచ్చింది మబ్బులే. పైగాలి వాటిని ముందుకు నెట్టుకొచ్చింది, గుండం నడిబొడ్డు మాత్రం సముద్రంలోనే ఆగిపోయింది. పెళ్లికొడుకు ఆగిపోయి బాజాలు మాత్రం ఊళ్లోకి వచ్చినట్టు. శుక్రవారం సాయంత్రం ఒక ఓడ నుంచి రిపోర్టు వచ్చింది. అది ఉన్నచోట పీడనం ఇంకా పడిపోయే ఉందట, గాలి ఇంకా ఉధృతంగానే ఉందట. అన్ని రిపోర్టుల్లోకి అదొక్కటే నా మాటకు అడ్డం వచ్చింది. పక్కన "తప్పు రీడింగు" అని రాసి తీసి పెట్టేశాను.

శనివారం పొద్దున హెచ్చరిక ఎత్తేశాం. కాసేపటికి పోలయ్య ఫోన్.

"మేడమ్మా, ఆకాశం బాగుండాది. గాలి కూడా కాసింత తగ్గింది. కానీ మొగ కాడ సందు పెరగలా. పొమ్మంటావా?"

ఇక్కడ ఆగాల్సింది. ఆ మనిషి కళ్లెదుట సముద్రం ఉంది, నా కళ్లెదుట కంప్యూటరు ఉంది. కానీ వాదనలో ఓడిపోవడం నాకు పుట్టుకతో చేతకాదు.

"పోలయ్యన్నా, నీ సందు పెద్దదా, నా ఉపగ్రహం పెద్దదా? అది నిన్ననే దాటిపోయింది. ఇంకా ఒడ్డున కూర్చుంటే చేపలు నీ ఇంటికే నడిచి రావు."

"నువ్వు చెప్పినాక ఇంకేముండాదిలే" అని ఆయన వెళ్లాడు. వెనక ఇంకో రెండు పడవలు.

తిట్టని ఆడది

శనివారం సాయంత్రానికి రావాల్సిన పడవలు రాలేదు. ఆదివారం పొద్దున బస్సెక్కి పాలేనికి వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. ఆకాశం అద్దంలా ఉంది. గాలి మాత్రం చెంపల మీద కొడుతోంది. ఒడ్డున ఆడవాళ్లు ఇసకలో కూర్చుని ఉన్నారు. ఆదిలక్ష్మి నన్ను చూసింది. తిట్టలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. తిట్టుంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది.

పన్నెండు దాటాక రెండు పడవలు వచ్చాయి. మూడోదాని కోసం ఇంకో రెండు గంటలు కూర్చున్నాం. పోలయ్య పడవ ఇంజన్లోకి నీళ్లు పోయాయి. తెడ్డుకు టార్పాలిన్ పట్ట కట్టి, దాన్నే తెరచాప చేసుకుని, మొగకు బాగా దక్షిణాన ఒడ్డుకు చేరారు. అక్కణ్ణుంచి నడిచొచ్చారు. వలలన్నీ పోయాయి. ఆయన తమ్ముడికి జబ్బ ఎముక విరిగింది. మనుషులు నలుగురూ దక్కారు.

పోలయ్య నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఉప్పుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నేను ఏదో చెప్పబోయాను. ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీ ఊళ్లో వాన పడిందా అమ్మా?"

"లేదు" అన్నాను.

"నా వలలూ పోయె, మీకు వానా రాకపోయె. ఇద్దరికీ దండగే గదమ్మా."

ఎగతాళి కాదు. నిజంగానే నాకోసం బాధపడ్డాడు. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆ మర్నాటి నుంచి నా ఫోన్ ఎత్తలేదు. అమ్మ మాత్రం ఎత్తింది. "నువ్వు వాన వస్తాదన్నావని వడియాలు కూడా పెట్టకపోతిని. శానా ఎండ కాసిందిలే, పెట్టింటే బాగా ఎండుండు" అని సాధించింది.

రెండు పటాలు, ఒక గడి

సన్యాసిరావు గారు ఉత్తరాంధ్ర మనిషి. అరిచి మాట్లాడిన రోజు లేదు. సోమవారం నన్ను పిలిచి ఆ రెండు పటాలూ బల్ల మీద పరిచారు.

"ఏటమ్మా, ఇందులో సముద్రం గీసిన బొమ్మ ఏది, నువ్వు గీసింది ఏది?"

నేను వాదించాను. రెండు అవకాశాలూ సమానమే, ఎవరైనా పొరబడేవారే అన్నాను. ఆయన విన్నారు. తర్వాత, నేను పక్కన పెట్టిన ఓడ రిపోర్టు తీసి ముందు పెట్టారు.

"పొరపాటంటే తెలియక చేసేది. ఇది నీ చేతికొచ్చింది. దీన్ని ఎందుకు తీసేశావో ఒక్క ముక్కలో చెప్పు, చాలు."

పక్కన నేను రాసిన "తప్పు రీడింగు" అన్న మాటను నేనే కొట్టేశాను. వాదన వదులుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

"వాన కోరుకోవడం తప్పు కాదమ్మా. మీ నేల అలాంటిది. కోరుకున్నావని నీకు తెలియకపోవడం తప్పు" అన్నారు.

ఆ రోజు నుంచి నా నోటు పుస్తకంలో ఒక గడి పెట్టుకున్నాను. గాలి, పీడనం, అల, సందు, ఆ తర్వాత చివరి గడి: "నాకేం కావాలి". బులెటిన్ రాయకముందే ఆ గడి నింపాలి. చాలా రోజులు "వాన" అనే ఉండేది. కొన్ని రోజులు "నిన్న చెప్పింది నిజం కావాలి" అని ఉండేది. ఒకసారి "రేపు సెలవు కావాలి" అని కూడా రాశాను. హెచ్చరిక కొనసాగితే సెలవు దొరకదు మరి. మీరు ఏ జిల్లా నుంచి వచ్చినా మీ గడిలోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఖాళీగా ఉందని చెప్పేవాణ్ణి నేను నమ్మను.

ఎప్పుడూ వద్దనడం కూడా అబద్ధమే

సన్యాసిరావు గారు రిటైరయ్యాక ఒక జాగ్రత్తపరుడు పై అధికారిగా వచ్చాడు. ఏ గాలి వీచినా "మత్స్యకారులు అప్రమత్తంగా ఉండాలి" అని రాయించేవాడు. అలా రాస్తే ఎప్పుడూ తప్పు కాదు కదా అనేవాడు. దెబ్బతిన్న భయంలో ఉన్న నాకూ అది హాయిగానే అనిపించింది. ఆ చలికాలమంతా ఇద్దరం కలిసి వద్దు, వద్దు, వద్దు అన్నాం.

ఆదిలక్ష్మి ఒకరోజు పట్నం చేపల మార్కెట్లో కనబడింది. వేట ఎట్లుందని అడిగాను.

"మీరు వద్దన్న దినాలన్నీ బోతానే ఉండారు. మీ మాట పెళ్లింట్లో మైకు మాదిరి అయిపాయె. మోగతానే ఉంటాది, ఎవురూ వినరు."

రోజూ వద్దనేవాడు ఎవరినీ కాపాడడు. తన కుర్చీని కాపాడుకుంటాడు, అంతే. ఆ మాట మా జాగ్రత్తపరుడితో ముఖం మీదే అన్నాను. ఆయన నా మీద ఒక నోట్ రాశాడు. దాని గురించి ఇక్కడ రాయను, కాగితాల సంగతి చెప్పనన్నాను కదా.

"పోలయ్యన్న ఫోనెందుకు ఎత్తడు?" అని కూడా అడిగాను ఆ రోజు.

"నీ మాటలో నీళ్లెన్నో పాలెన్నో ఎట్ట తెలస్తాదంట. నన్నడిగితే నాకేం తెలుసు."

బస్సులో వస్తూ అదే ఆలోచించాను. మర్నాడు పొద్దున్నుంచి పోలయ్య ఫోన్‌కు రోజూ ఒక సందేశం పంపడం మొదలుపెట్టాను. గాలి ఎటు నుంచి, అల ఎత్తెంత, సందు ఎంతసేపు. ఆఖరి వరస: "మా ఊళ్లో వాన పడలేదు. కొంచెం తగ్గించి నమ్ము." వాన పడిన రోజున "పడింది, పూర్తిగా నమ్మొచ్చు" అని. ఒక చలికాలం పోయింది. జవాబు లేదు. రెండో చలికాలం సగం పోయింది. ఒకరోజు పనిలో పడి ఆఖరి వరస రాయడం మర్చిపోయాను. పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"ఈ పొద్దు వాన సంగతి రాయలేదేందమ్మా? ఎంత తగ్గించి నమ్మాల?"

మూడేళ్ల తర్వాత విన్న గొంతు. "సగం" అన్నాను.

తర్వాత ఆయనే చెప్పాడు. తమ్ముడి జబ్బ బాగుపడితే ఒంటిమిట్ట రాముడికి వస్తామని మొక్కుకున్నారట. బద్వేలు మీదుగా బస్సులో వెళ్లారు. "దావ పొడుగునా చెరువుల్లో గొర్రెలు మేస్తుండాయమ్మా. చెరువులో నీళ్లు కదా ఉండాల్సింది. కిటికీలో నుంచి చూస్తా ఆదిలక్ష్మి అనింది, పాపం ఆ యమ్మ నవ్వతా చెప్పిందంటే చెప్పదా మరి, అని. నీ మీద కోపం ఆడనే సగం పోయింది."

"మిగతా సగం?"

"అది ఉండాల్లే. పూర్తిగా పోతే మళ్లీ నమ్మేస్తా."

ఆఖరి చలికాలం

ఉద్యోగం వదిలే ముందు చలికాలం మళ్లీ అదే బొమ్మ వచ్చింది. దక్షిణ బంగాళాఖాతంలో వాయుగుండం, రెండు పటాలు, ఒకటి దాటుతుంది, ఒకటి ఆగుతుంది. మా ఊళ్లో మళ్లీ వాన లేదు. గడిలో "వాన, శానా" అని రాసుకున్నాను.

ఈసారి నన్ను పట్టింది ఇంకో జబ్బు. అందిన కొలతలన్నీ దాటుతుందనే చెబుతున్నాయి. ఓడలు, సముద్రంలో తేలే యంత్రాలు, తీరం వెంట గాలి, అన్నీ. అడ్డం వచ్చే రిపోర్టు ఒక్కటీ లేదు, రెండుసార్లు వెతికాను. అయినా ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అది నేను కోరుకున్నది కాబట్టి. రిటైరైన సన్యాసిరావు గారికి ఫోన్ చేశాను. అంతా విని నవ్వారు.

"కోరికకు ఎదురు నడవడం కూడా కోరిక చెప్పినట్టు నడవడమేనమ్మా. గడి నింపింది దాన్ని చూసి భయపడ్డానికి కాదు, పక్కన పెట్టడానికి. పెట్టేశావు కదా, ఇక మిగతా గడులు చూడు."

గురువారం దాటుతుంది, శనివారం కూడా వద్దు, ఆదివారం పొద్దున వేటకు వెళ్లవచ్చు అని రాశాను. అమ్మకు ఫోన్ చేయలేదు. ఆదివారం తెల్లవారాక పోలయ్య నుంచి ఫోన్ వచ్చింది.

"మీ ఊళ్లో వాన పడిందా?"

"అది తర్వాత చెప్తా. ముందు నువ్వు చెప్పు, మొగ దగ్గర సందు ఎట్లుంది?"

పదేళ్ల కింద నేను అడగాల్సిన ప్రశ్న అది.

"బాగుండాది. నిమ్మళంగా దాటొచ్చు."

"నా లెక్కలోనూ అంతే. వెళ్లిరా అన్నా."

సాయంత్రానికి వచ్చాడు, గంపల నిండా వంజరం చేపలతో. గుండం నేను చెప్పినట్టే దాటింది. బద్వేలులో కుండపోత. అక్కడి నుంచి పడమటికి నడుస్తూ నడుస్తూ నీరసించి, మా ఊరు చేరేసరికి దుమ్ము అణిగేంత చిలకరించి వెళ్లిపోయింది. అమ్మ ఫోన్ చేసింది.

"నీ గుండానికి బద్వేలు కాడ్నే కాలు విరిగినట్టుండాది. ఈడికి కుంటుకుంటా వచ్చి మొగం కడుక్కోని పోయింది."

కల్లూరు నుంచి

మొన్న షేర్ ఆటోలో మార్కెట్ నుంచి వస్తుంటే పోలయ్య ఫోన్ చేశాడు. నేను రిటైరయ్యానని ఆయనకు తెలుసు. అయినా చలికాలం మొదలైతే చేస్తూనే ఉంటాడు.

"నన్నెందుకు అడుగుతావన్నా? ఆఫీసు వాళ్లు రాశారు కదా."

"విన్నాలే. ఆదివారం పోవచ్చు అని రాసినారు. ఆ రాసినామె కొత్తామెంట గదా. ఆమెది యా ఊరు?"

నా కుర్చీలో ఇప్పుడు కూర్చున్న అమ్మాయి నాకు తెలుసు. చేరిన కొత్తలో రెండుసార్లు ఫోన్ చేసి అనుభవాలు అడిగింది.

"బద్వేలు" అన్నాను.

"బద్వేల్లో వాన పడిందా?"

కనుక్కుని చెప్తానని ఆటో దిగి, రోడ్డు పక్కన నిలబడి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఏం పాపా, మీ ఊళ్లో వాన పడిందా ఈ మధ్య?"

"ల్యా మేడం, ఒక్క చినుకు ల్యా. మా నాయన దినామూ ఫోన్ చేస్తాండాడు, గుండం యాడికొచ్చిందని. ఎందుకు మేడం?"

ఎందుకో అప్పుడు రోడ్డు మీద చెప్పే తీరిక లేకపోయింది. ఇప్పుడు ఇదంతా రాసింది దానికే. అప్పటికి మాత్రం ఒక్కటే అడిగాను. "ఈ వారంలో తప్పు రీడింగని పక్కన పెట్టిన రిపోర్టు ఏదన్నా ఉందా, ఒకసారి చూసి చెప్పు."

అటు కాగితాలు కదిలాయి. ఆ అమ్మాయి గొంతు కాస్త తగ్గింది.

"ఒకటుండాది మేడం."